‘ఇంకా ఉంది’ అని ముందే చెప్పాల్సింది

రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆయన గోడు ఇదీ.

వయసు ముప్ఫై నాలుగు. బ్యాంకు ఉద్యోగం. ఇంటర్ రోజుల నుంచీ ఇంగ్లీషు ఎపిక్ ఫాంటసీ నవలలంటే ప్రాణం. పుస్తకం తెరవగానే ఒక మ్యాపు, ఎక్కడా లేని రాజ్యాలు, మంత్రవిద్యలు, తరాల తరబడి పగలు, ఒక్కో కథ ఐదో పదో పద్నాలుగో సంపుటాలు. ఇంట్లో ఈ పిచ్చి ఇంకెవరికీ లేదు. అక్క భర్త గుంటూరులో మందుల హోల్‌సేల్ వ్యాపారం చేస్తారు. నలభై నాలుగేళ్లు, మితభాషి. పెళ్లయిన పదిహేడేళ్లలో మొదటి పన్నెండేళ్లూ ‘ఏం బావమరిదీ, కులాసానా’ దాటి మాట్లాడింది లేదు. లాక్‌డౌన్‌లో ఆయన ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ సీరియల్ చూశారు. చివరి సీజన్ నచ్చక, అసలు పుస్తకాల్లో ఏముందోనని జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ రాసిన ఐదు సంపుటాలూ చదివేశారు. అప్పట్నుంచీ రాత్రి పదింటికి కొట్టు మూసి ఇంటికి రాగానే ఫోన్. ‘మన పొట్టోడికి వాళ్ల నాన్న ఎంత అన్యాయం చేశాడ్రా’ అని మొదలయ్యేదట. టిరియన్ అనే మరుగుజ్జు కొడుకు, అతన్ని కొడుకుగా ఒప్పుకోలేని తండ్రి టైవిన్, ఆ ఇద్దరి దగ్గర మొదలైన మాటలు గంటకు గానీ తెమిలేవి కావట.

ఇక తర్వాత ఏం చదవాలని బావగారు అడిగారు. ఈయన ‘వాటికంటే గొప్పది’ అంటూ స్టీవెన్ ఎరిక్సన్ రాసిన మలజాన్ కథల్లో మొదటి మూడు సంపుటాలు పుట్టినరోజుకి పంపారు. ఆయన రెండుసార్లు మొదలుపెట్టి, రెండుసార్లూ నూటయాభై పేజీల్లోపే పక్కన పెట్టేశారు. పొరపాటు దిద్దుకుందామని పాట్రిక్ రాత్‌ఫస్ రాసిన ‘ద నేమ్ ఆఫ్ ద విండ్’, దాని తర్వాతి భాగం ఇచ్చారు. వాటిని రెండు వారాల్లో మింగేసి ‘మూడోది పంపు’ అన్నారు బావగారు. మూడోది ఇంకా రాలేదు. ఆమధ్య ఒక గృహప్రవేశంలో, భోజనాల దగ్గర ఇరవైమంది మధ్య, ‘మావాడి మాట విని పుస్తకం పట్టుకోవడమంటే, పిల్లని చూపించి పెళ్లి వాయిదా వేసినట్టే’ అన్నారట. అందరూ నవ్వారు. ఈయనకి తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత రాత్రి ఫోన్లు ఆగిపోయాయి. ‘మీ ఇద్దరి మధ్యా ఉన్నవి ఆ పుస్తకాలే, అవీ లేకుండా చేసుకున్నారు’ అని అక్క బాధపడుతోంది. ఇది చాలదన్నట్టు పదిహేనేళ్ల మేనకోడలు, హ్యారీ పోటర్ ఏడూ అయిపోయాయి, నాన్న అల్మరాలోవి ఆయన ముట్టుకోనివ్వడం లేదు, ‘నాకేదైనా చెప్పు మావయ్యా’ అంటూ మెసేజ్ పెట్టింది. బావకి ఏ సిరీస్ ఇస్తే మళ్లీ మాటలు కలుస్తాయి? మేనకోడలికి ఏమివ్వాలి? లేక ఇకపై ఎవరికీ ఏ పుస్తకమూ చెప్పకుండా నోరు మూసుకోవాలా? ఇవీ ఆయన ప్రశ్నలు.

*

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బావగారు ఫోన్ చేయడం మానేశారని మూడు చోట్ల రాశారు. మీరు చేశారని ఒక్క చోటా లేదు. ఇది గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

గృహప్రవేశంలో ఆయన అన్న మాట చదవగానే నాకు నవ్వొచ్చింది, ఏమనుకోకండి. బావ బావమరిదిని పదిమందిలో ఆట పట్టించకపోతే ఇంకెవరు పట్టిస్తారు? పన్నెండేళ్లు కులాసా ప్రశ్నతో సరిపెట్టిన మనిషి, మిమ్మల్ని హాస్యమాడే చనువు దాకా వచ్చాడు. పైగా అది పుస్తకం నచ్చనివాడి మాట కాదు, పిల్ల నచ్చినవాడి మాట. రెండు వారాల్లో రెండు లావుపాటి సంపుటాలు చదివి, మూడోదాని కోసం అలమటిస్తూ అన్న మాట. మీకది నిందలా వినిపించిందంటే, లోపల మీకూ తెలుసు కాబట్టే. ఆ కథ పూర్తి కాలేదని మీకు ముందే తెలుసు. ఆయనకి చెప్పలేదు.

తారీఖులు చూడండి. మార్టిన్ ఐదో సంపుటం 2011 జులైలో వచ్చింది. ఆరోదాని కోసం ఎదురుచూస్తున్న మనిషి చేతిలో మీరు పెట్టిన రెండో కథ కూడా సరిగ్గా 2011 మార్చి దగ్గరే ఆగిపోయింది. ఒక క్యూలో నిలబడి కాళ్లు నొప్పులు పుడుతున్నవాణ్ణి తీసుకెళ్లి ఇంకో క్యూలో నిలబెట్టారు. కథ బాగుందా లేదా అన్నది వేరే సంగతి. నా వరకు ‘ద నేమ్ ఆఫ్ ద విండ్’ వాక్యం వాక్యం చప్పరించదగ్గ పుస్తకం. కానీ ఇచ్చే ముందు ‘బావా, ఇది రెండు భాగాలే, మూడోది ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి, అయినా చదువుతావా’ అని ఒక్క మాట అనుంటే, ఆయన చదివినా చదవకపోయినా ఆ నిర్ణయం ఆయన చేతిలో ఉండేది. చందమామ సీరియల్ చివర ‘ఇంకా ఉంది’ అని వేసేవాళ్లు చూడండి, అది పాఠకుడికి ఇచ్చిన మాట. దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘తోకచుక్క’ మొదలుకొని ఎన్ని సీరియల్స్ అలా నెలనెలా చదువుకున్నామో. వచ్చే నెల వస్తుందని తెలిస్తే ఎదురుచూపు కూడా తియ్యగానే ఉంటుంది.

ఆ మాటకొస్తే, కథ మధ్యలో ఆగిపోవడం మనకి కొత్తా? మీరు రాజమహేంద్రవరంలోనే ఉన్నారు. మీ ఊళ్లోనే పదకొండో శతాబ్దంలో నన్నయ భారతం మొదలుపెట్టి, అరణ్యపర్వం నడుమ, శారదరాత్రుల పద్యం దగ్గర ఆపేశాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన ఆ మిగులు వదిలేసి విరాటపర్వం నుంచి అందుకున్నాడు. మధ్యలో ఉన్న ఖాళీని పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన వచ్చి పూరించాడు, అదీ నన్నయే రాసినట్టుగా, రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చి. దాదాపు మూడొందల ఏళ్ల క్యూ అది. బావగారికి ఈ సంగతి గుర్తు చేయండి, కాస్త ఊరట.

ఇప్పుడు మలజాన్ విషయం. అక్కడ తప్పు వేరే రకం. ‘వాటికంటే గొప్పది’ అన్నారు. గొప్పదే కావచ్చు. ఎరిక్సన్ పురావస్తు శాస్త్రం చదివిన మనిషి. ఆయనా, మిత్రుడు ఇయాన్ ఎస్సిల్‌మాంట్ కలిసి ఒక ఆట కోసం ఆ లోకాన్ని కట్టుకున్నారు, ఆ తర్వాతే నవలలు. 1999 నుంచి 2011 దాకా పది సంపుటాలు, పూర్తయ్యాయి కూడా. కానీ మొదటి పుస్తకం ‘గార్డెన్స్ ఆఫ్ ద మూన్’ ఎవర్నీ చెయ్యి పట్టుకుని నడిపించదు. యుద్ధం సగంలో ఉండగా మనల్ని దింపేస్తుంది. ఎవరు ఎవరి వైపో, ఏ దేవుడు ఎందుకు అలిగాడో మనమే తవ్వుకోవాలి. తవ్వడం ఇష్టమైనవాళ్లకి అది నిధి. మీకిష్టం. మరి బావగారికి?

దానికి సమాధానం మీ ఉత్తరంలోనే ఉంది, మీరు చూసుకోలేదంతే. ఆయన ఫోన్ ఎప్పుడూ పొట్టోడితోనే మొదలయ్యేదని రాశారు. డ్రాగన్లతో కాదు, మ్యాపుతో కాదు, సింహాసనం ఎవరిదన్న వాదనతో కాదు. తండ్రి ఒప్పుకోని కొడుకుతో. ఆయన లోకాల కోసం చదవడం లేదు, మనుషుల కోసం చదువుతున్నారు. ‘ఎపిక్ ఫాంటసీ ఇష్టం’ అన్న ఒక్క మాట వెనక ఇద్దరు వేర్వేరు పాఠకులు ఉన్నారు మీ ఇంట్లో. మీరు మీకు నచ్చేది ఇచ్చి, ఆయనకి ఎందుకు నచ్చలేదని బాధపడుతున్నారు.

ఈ పాపం నేనూ చేసినదాన్నే. ఒకప్పుడు తోటి ఉద్యోగినికి పద్నాలుగు సంపుటాల సిరీస్ అంటగట్టి, ప్రతి సోమవారం ‘ఎంతదాకా వచ్చారు’ అని అడిగేదాన్ని. పాపం, ఆవిడ నన్ను చూడగానే వరండా మారేది.

కాబట్టి బావగారికి నా దృష్టిలో ఉన్న దారులు చెబుతాను. ఏది ఎంచుకుంటే ఏమవుతుందో కూడా చెబుతాను, తేల్చుకోవడం మీ వంతు.

నాకు మొదట తట్టేది రాబిన్ హాబ్. ‘అసాసిన్స్ అప్రెంటిస్’తో మొదలయ్యే మూడు నవలలు, 1995 నుంచి 1997 మధ్య వచ్చాయి. యువరాజుకి వివాహేతరంగా పుట్టిన ఆరేళ్ల పిల్లవాణ్ణి కోట గుమ్మం దగ్గర వదిలేసి పోతారు. గుర్రాలశాల చూసుకునే ముతక మనిషి ఒకడు వాణ్ణి పెంచుతాడు. రాజకుటుంబం వాణ్ణి వాడుకుంటుంది గానీ తనవాడని ఒప్పుకోదు. ఫిట్జ్ అనే ఆ కుర్రవాడే పెద్దయ్యాక తన కథ చెప్పుకుంటాడు. పొట్టోడి కోసం మనసు కరిగిన మనిషికి ఇది నేరుగా గుండెకి తగులుతుంది. ఆ లోకంలో మొత్తం పదహారు నవలలున్నాయి, 2017లో ముగిశాయి. కానీ మూడు చదివి ఆపేసినా కథ తెగదు. కష్టం ఎక్కడంటే, నడక నిదానం. యుద్ధాలు తక్కువ, దుఃఖం ఎక్కువ. మూడో పుస్తకం మరీ సాగుతుంది. రాత్రి పదింటికి అలసిపోయి వచ్చిన మనిషి ఇంత బరువు మోయగలరా అన్నది మీరే చూసుకోవాలి. ఆయన కళ్లు తుడుచుకుంటూ కనబడితే అక్క నన్ను తిట్టుకోకూడదు.

రెండోది జో ఆబర్‌క్రాంబీ ‘ద బ్లేడ్ ఇట్‌సెల్ఫ్’, దాని వెనకే ఇంకో రెండు. 2006, 2007, 2008, ఏడాదికొకటి చొప్పున వచ్చి చక్కగా ముగిసిన మూడు సంపుటాలు. అందులో గ్లోక్టా అని ఒక పాత్ర ఉంది. ఒకప్పుడు అందగాడైన కత్తివీరుడు, శత్రువుల చెరలో చిత్రహింసలు పడి నడుం విరిగి తిరిగొచ్చాడు, ఇప్పుడు తనే ఇతరుల్ని హింసించి నిజం రాబట్టే ఉద్యోగంలో ఉన్నాడు. వాడికి లోకంలో అన్నిటికంటే భయం మెట్లంటే. మనసులో వాడనుకునే మాటలకి పడీపడీ నవ్వుతాం, నవ్వినందుకు సిగ్గుపడతాం. పొట్టోడి వ్యంగ్యం కోసం మొహంవాచిన వాళ్లు వీణ్ణి వదలరు. చదువు పరుగెడుతుంది. కానీ ముగింపు చేదు. మంచివాళ్లకి మంచి జరగాలనుకునే పాఠకుడైతే పుస్తకం గోడకేసి కొడతారు. ఈ మూడింటినీ మేనకోడలికి అందని అరలో పెట్టమనండి.

కొత్త రచయిత జోలికే వెళ్లడానికి భయపడుతుంటే, మార్టిన్ లోకంలోనే ఒక చిన్న దారి ఉంది. ‘ఎ నైట్ ఆఫ్ ద సెవెన్ కింగ్‌డమ్స్’, 2015లో ఒకచోట చేర్చిన మూడు పెద్ద కథలు. పొడుగాటి పేద వీరుడొకడు, గుండు చేయించుకున్న ఒక చురుకైన కుర్రాడు, ఊరూరా తిరుగుతారు. ఏ కథకా కథ ముగుస్తుంది. క్యూ లేదు. అలవాటైన ఊరికి మళ్లీ వెళ్లినట్టుంటుంది. మీ ఇద్దరూ ఒకేసారి చదివి మాట్లాడుకోవడానికి ఇంతకంటే తేలికైనది నాకు తోచలేదు. పుస్తకాల షాపులో దాని పక్కనే ‘ఫైర్ అండ్ బ్లడ్’ కనబడుతుంది, తొందరపడకండి. 2018లో వచ్చిన అది డ్రాగన్ వంశపు చరిత్రలో మొదటి సగం మాత్రమే. రెండో సగం ఇంకా రాలేదు. మూడో క్యూలో నిలబెట్టారంటే మాత్రం మిమ్మల్ని నేనూ కాపాడలేను.

రాబర్ట్ జోర్డన్ ‘ద వీల్ ఆఫ్ టైమ్’ సంగతీ అడిగారు. కాలచక్రం తిరుగుతూ యుగాలు మళ్లీ మళ్లీ వస్తాయన్న ఆలోచన మీద కట్టిన కథ, మనవాళ్లకి వివరించనక్కర్లేదు. 1990లో మొదలైంది. పదకొండు సంపుటాలు రాసి, 2007లో ఆయన కన్నుమూశారు. భార్య, ఎడిటర్ కూడా అయిన హ్యారియట్ మెక్‌డూగల్ ఆ పనిని బ్రాండన్ శాండర్సన్‌కి అప్పగించారు. జోర్డన్ వదిలివెళ్లిన నోట్స్ ఆధారంగా ఆయన మరో మూడు సంపుటాలు రాసి, 2013 జనవరిలో ముగించారు. ఎర్రన పని చేశారన్నమాట. ఎదురుచూపుతో విసిగినవాళ్లకి ఇది కొండంత ధైర్యం. అయితే లెక్క చెప్పి ఇవ్వండి. పద్నాలుగు సంపుటాలు కలిపి పదకొండు వేల పేజీలకు పైమాటే. రాత్రికి ముప్ఫై పేజీల చొప్పున ఏడాది. ఏడో సంపుటం నుంచి పదోదాకా కథ గోదావరి వేసవి పాయలా సన్నగా, మెల్లగా పారుతుందని అభిమానులే ఒప్పుకుంటారు. ఎదుటి మనిషి జీవితంలో ఏడాది అడుగుతున్నప్పుడు ఆ సంగతి దాచకూడదు. బావగారు మనుషుల పాఠకుడన్న నా అంచనా నిజమైతే, నేనైతే దీన్ని మూడో ఏడాదికి అట్టిపెడతాను.

అదే శాండర్సన్ సొంత సిరీస్ ‘స్టార్మ్‌లైట్ ఆర్కైవ్’ కూడా మీ జాబితాలో చూశాను. పది సంపుటాలుగా తలపెట్టిన దాంట్లో అయిదు వచ్చాయి, అయిదోది 2024 డిసెంబరులో. మొదటి అంకం అక్కడ ముగుస్తుంది, నిజమే. కానీ మిగతా అయిదూ రావాలి. ఇప్పుడున్న పరిస్థితిలో బావగారి దగ్గర ‘అయిదు వచ్చాయి, అయిదు రావాలి’ అన్న మాటే ఎత్తకండి.

మేనకోడలి విషయంలో మీరు ఊగిసలాడుతున్నది ఒకందుకు సరైనదే. నాన్న అల్మరాలో ఉన్నవి పదిహేనేళ్ల పిల్లకి నేనూ ఇవ్వను. వాటిలో హింస, ముఖ్యంగా ఆడవాళ్ల మీద జరిగే హింస, పెద్దవాళ్లమే పేజీ తిప్పి ఊపిరి పీల్చుకునేంత ఉంది. కానీ మీరు ఆలోచిస్తున్నట్టు తల్లిదండ్రులకి తెలియకుండా మెసేజ్‌లో పేరు చెప్పేయడం మాత్రం వద్దు. ఇప్పటికే ఒక విషయం చెప్పకపోవడం వల్లే ఇంత జరిగింది.

ఆ పిల్ల మంత్రవిద్య నేర్పే బడి చదివి వచ్చింది. ఆ బడికి దశాబ్దాల ముందే, 1968లో, ఉర్సులా కె. లెగ్విన్ ‘ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’లో మాంత్రికుల బడి ఒకటి కట్టారు, సముద్రం మధ్య ద్వీపంలో. హీరో గెడ్ రాగిరంగు చర్మమున్న కుర్రవాడు, తెల్లవాడు కాదు. ఆ కాలానికి అది చిన్న విషయం కాదు. గర్వం కొద్దీ చేయకూడని మంత్రం చేసి, తన నీడనే తన మీదికి వదులుకుంటాడు. పుస్తకం రెండొందల పేజీలు అటూఇటూ. రెండో భాగంలో చీకటి సమాధుల్లో పూజారిణిగా పెరిగిన టెనార్ అనే అమ్మాయి కథ, మీ మేనకోడలి వయసుకి ఇంకా దగ్గర. మొదటి మూడూ 1972 నాటికి వచ్చేశాయి. 1990లో వచ్చిన నాలుగోది పెద్దవాళ్ల బాధల కథ, దాన్ని ఇంకొన్నాళ్లు ఆగి చదవొచ్చు. ఇందులో యుద్ధాలు, సైన్యాలు ఉండవు, ఒక్కోసారి మరీ ప్రశాంతంగా అనిపిస్తుంది. దడదడలాడే కథే కావాలంటే శాండర్సన్ ‘మిస్ట్‌బార్న్’ ఉంది. లోహాల్ని మింగి, వాటి శక్తితో ఎగిరే, దూకే దొంగల ముఠా, అందులో పదహారేళ్ల పిల్ల విన్. మూడు సంపుటాలు, 2008లో ముగిశాయి, మొదటిదొక్కటే చదివినా ఒక కథ పూర్తవుతుంది. చావులు బాగానే ఉన్నాయి, అయినా నాన్న అల్మరా అంత కటువు కాదు. రెండూ అక్కకి చూపించి, ఆ పిల్లనే ఎంచుకోమనండి.

ఇక మీరడిగిన చివరి ప్రశ్న, నోరు మూసుకోవాలా అని. మూసుకోవచ్చు. ఎవరూ నొచ్చుకోరు. కానీ బావగారితో మీకు మాట కలిసిందే దాని వల్ల కదా, మూసుకుంటే మళ్లీ ‘కులాసానా’ దగ్గరికి వెళ్లిపోతారు ఇద్దరూ. ఇంకో పద్ధతి, అలిగినట్టు ఏ పుస్తకమూ చెప్పకుండా ఆయనే అడిగేదాకా ఆగడం. మితభాషితో ఈ పందెం పెట్టుకుంటే ఏళ్లు గడిచిపోతాయి. క్షమాపణగా ఇంకో పార్సిల్ పంపడం మూడోది. మీకు బాగా అలవాటైన పద్ధతి అదేననిపిస్తోంది, అందుకే భయం. మళ్లీ మీరే గురువు, ఆయనే శిష్యుడు అవుతారు. పదేళ్లు పెద్దవాడు, ఎంతకని నేర్చుకుంటూ ఉంటారు?

ఒకసారి తిరగేసి చూడండి. మీరు ఆయన్ని అడగండి. ‘ఆ ఐదింట్లో నువ్వు మళ్లీ చదవాలనుకునే అధ్యాయం ఏది బావా?’ అని. ఆయన చెప్పింది మీరు ఆ రాత్రే తీసి చదవండి. అక్కడి నుంచి ఏ పుస్తకానికి దారి తీస్తుందో ఆ మాటల్లోనే తెలిసిపోతుంది, నా జాబితాతో పనుండదు. నేను పొట్టోణ్ణి పట్టుకుని వేసిన లెక్క తప్పని తేలినా తేలొచ్చు. ఆయన ఏదో యుద్ధం పేరు చెబితే పై వరసంతా మార్చుకోండి. పుస్తకం అప్పుడు కూడా ఒక్కటే పంపండి, మొదటి సంపుటం మాత్రమే. కిండిల్ వాడితే శాంపిల్‌గా వచ్చే మొదటి అధ్యాయాలు ఊరికే చదవొచ్చు, ముందు అవి చూడమనండి. ఎంతదాకా వచ్చారని మాత్రం అడగొద్దు. నా తోటి ఉద్యోగిని వరండా మారింది, బావగారు గుంటూరులో ఉన్నారు కాబట్టి ఫోన్ ఎత్తకపోతే చాలు.

ఆ మూడు మలజాన్ సంపుటాలూ వెనక్కి అడగకండి. ఉండనివ్వండి ఆయన అల్మరాలోనే.

ఫోన్ మాత్రం మీరే చేయండి. పదింటి తర్వాత చేయండి, కొట్టు మూసి ఇంటికొచ్చి ఉంటారు.